తేలికైన రెండో జత

మా మంచం కింద అట్టపెట్టెల్లో అమ్మ వద్దన్న చెప్పులు ఉన్నాయి. ఒకటి బొటనవేలి దగ్గర ఒరుసుకుంటుందని వద్దంది, ఒకటి తడిస్తే బరువెక్కుతుందని, ఇంకొకటి ఆసుపత్రిలో ఆయాలు వేసుకునేవాటిలా ఉందని. అన్నీ నేను ఫోనులో చూసి తెప్పించినవే. తిరిగి పంపేయాలి. మా అమ్మాయి హాసిని నిద్రపోయాక వాటిని కవర్లలో పెట్టి అతికిద్దామని కూర్చున్నాను గానీ, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని బరువు చూస్తూ ఉండిపోయాను. ఈ రాత్రి అమ్మ అరుణాచలంలో కొండ చుట్టూ నడుస్తోంది. పౌర్ణమికని కొత్తపేట నుంచి వేసిన బస్సులో, మా వీధివాళ్ళతో కలిసి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. హాసినికి దగ్గు, ఆయాసం; దాన్ని అంత దూరం బస్సులో తిప్పలేను. మా ఆయనకు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి డ్యూటీ. పిల్లను ఆయనకు అప్పగించీ వెళ్ళలేను. నేను చేయగలిగిందల్లా చెప్పులు ఎంచి పంపడం. అదైనా సరిగ్గా చేశానో లేదో తెలియక ఇలా రాస్తూ కూర్చున్నాను.

అమ్మ పాదాలకు స్పర్శ తెలియదు. షుగరు వచ్చి చాలా కాలమైంది. తిమ్మిరి వేళ్ళ దగ్గర మొదలై మడమల దాకా వచ్చింది. అమలాపురంలో డాక్టరుగారు అమ్మను కళ్ళు మూసుకోమని, సన్నటి దారంలాంటిదాంతో అరికాలి మీద అక్కడక్కడ తాకుతూ "తెలుస్తోందాండీ?" అని అడిగారు. "ఆయ్, తెలుస్తోందండి," అంది అమ్మ. ఆయన ఇంకోచోట తాకారు. "ఇప్పుడో?" "ఆయ్." తర్వాత ఆయన చెయ్యి వెనక్కి తీసేసుకుని, అసలేమీ తాకించకుండా, "ఇక్కడాండీ?" అన్నారు. "ఆయ్, బాగా తెలుస్తోందండి," అంది. ఆయన నా వైపు చూశారు. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది, పాఠం తప్పులేకుండా అప్పజెప్పిన పిల్లలా. ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా ఒక్క అడుగు వెయ్యనివ్వకండి, ముల్లు దిగినా తెలియదు, నేల కాలినా తెలియదు, పుండు పడితే మానదు, వేళ్ళు తీసేసే పరిస్థితి వస్తుంది అని ఆయన నాతో విడిగా చెప్పారు.

అలాంటి కాళ్ళతో అరుణాచలం ఎందుకంటే, నా కూతురి కోసం. హాసిని నెలలు నిండకుండా పుట్టింది. కాకినాడలో గాజు పెట్టెలో పెట్టారు. నేను లోపల మంచం మీద ఉన్నాను. బయట వరండాలో కూర్చున్న అమ్మ ఎవరికి ఏం మొక్కుకుందో నాకు తెలియదు. పిల్ల ఇంటికొచ్చి, బారసాల కూడా అయ్యాక చెప్పింది, పిల్ల దక్కితే కొండ చుట్టూ ఒట్టి కాళ్ళతో తిరుగుతానని మొక్కుకున్నానని. ఇప్పుడు హాసిని బడికి వెళ్తోంది. చలికాలం వస్తే దగ్గు, దగ్గుతో ఆయాసం. మందు ఆవిరి పట్టిస్తున్నప్పుడల్లా అమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసేది. నేను జువాలజీలో డిగ్రీ చదివాను. ఆయాసానికీ మొక్కుకూ సంబంధం లేదని నాకు తెలుసు. పిల్ల ఛాతీలో పిల్లికూత వినపడినప్పుడు మాత్రం నాకు తెలిసినవేవీ నాకు తోడు రావు.

ప్రయాణం వెళ్ళే మనిషికి రెండో జత చెప్పులు కావాలన్న మాట నేను మొదటిసారి విన్నది చిన్నప్పుడు, అమ్మకు కువైట్ వీసా వచ్చిన రోజుల్లో. అప్పుడు మేము రాజోలు దగ్గర కాలవ గట్టు మీద ఉండేవాళ్ళం. నాన్న వాకిట్లో గునపం పాతుకుని పొద్దున్నుంచీ కొబ్బరికాయలు ఒలిచేవారు. ఆ పీచు గుట్ట ఎండలో ఒక వాసన, వానలో ఒక వాసన. వానాకాలం వాసనే నాకు బాగా గుర్తు, నానబెట్టిన బియ్యం పులిసినట్టు ఉండేది. ఇంట్లో మనిషికి ఒక్క జత. నాన్నవి టైరు చెప్పులు. అమ్మవి నీలం పట్టీల రబ్బరు చెప్పులు. పట్టీ ఊడిపోయినప్పుడల్లా అడుగున పిన్నీసు గుచ్చి నడిపించేది. నాన్నమ్మకు అసలు చెప్పులే లేవు. ఆవిడ అరికాళ్ళు కొబ్బరి చిప్పల్లా ఉండేవి. పీచు మీద, గవ్వల మీద, ఎండిన గట్టు మీద ఒకేలా నడిచేది. కానీ ఇంట్లో చెప్పుల మీద పెత్తనమంతా ఆవిడదే. చెప్పు బోర్లా పడి ఉంటే ఇంట్లో గొడవ వస్తుందని కాలి వేలితో తిరగేసేది. మంగళవారం కొత్త చెప్పులు కొననిచ్చేది కాదు. చెప్పులేసుకుని గుమ్మం లోపలికొస్తే లక్ష్మి వెళ్ళిపోతుందనేది. సాయంత్రం దీపం పెట్టేముందు అరుగు కిందున్న చెప్పులన్నీ వీధి వైపు తిరిగి ఉన్నాయో లేదో ఒకసారి వంగి చూసుకునేది.

మా పక్క సందులో మంగ అత్త కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగి వచ్చింది. అమ్మకు అక్కడి సంగతులన్నీ ఆవిడే చెప్పింది. ఆకు నములుతూ మా అరుగు మీద కూర్చుని, పెట్టెలో ఏం పెట్టుకోవాలో, ఏం పెట్టుకోకూడదో విడమరిచేది. "ఆవకాయ సంగతి తర్వాత చూద్దువుగాని వదినా. ముందు రెండో జత చెప్పులు కొనుక్కో. బయట తిరిగినవి మేడమ్ లోపలికి రానివ్వదు. నేలంతా పాలరాయి. ఏసీకి మంచులా ఉంటాది. రోజంతా కడిగిందే కడగాలి. ఒట్టి కాళ్ళతో తిరిగేవంటే నెల తిరక్కుండా మడమలు బీటలు తీసేస్తాయి."

"ఇక్కడున్నన్నాళ్ళూ బురదలో తిరగలేదేంటి దాని కాళ్ళు," అంది నాన్నమ్మ లోపల్నుంచి.

"మన బురద మెత్తనండి పెద్దమ్మగారూ. అక్కడి నేలకి జాలి ఉండదు," అంది మంగ అత్త. తర్వాత అమ్మతో, "తేలికవి చూసుకో. పెట్టె బరువు చూస్తారు. ఈకలా ఉండాలి, జారకూడదు, నీళ్ళలో నానినా పాడవకూడదు. పూలూ పూసలూ చూసి మోసపోకు," అంది.

ఆ చెప్పులు కొనడానికి అమ్మ నన్ను రాజోలు తీసుకెళ్ళింది. కొట్టంతా కొత్త రబ్బరు వాసన. అమ్మ ఎప్పుడూ కొట్టువాడు తీసిచ్చింది తీసుకుని వచ్చేసే మనిషి. ఆ రోజు మాత్రం ఒక్కో జతనూ రెండు అరచేతుల్లో పెట్టుకుని కళ్ళు సగం మూసి బరువు చూసింది. మధ్యకు వంచింది. గోరుతో అడుగున గీసింది. నేల తడిచేసి నడిచి చూస్తానంది. కొట్టాయన నవ్వి, "ఇవి కాళ్ళకేనాండీ, లేపోతే పెళ్ళిసంబంధం చూస్తన్నారా?" అన్నాడు. "మా బాగా అన్నారు లెండి. సంబంధమైతే ఇంత చూడక్కర్లేదు," అంది అమ్మ. ఆ మాటకు ఆయన నిజంగానే చెంబుతో నీళ్ళు తెచ్చి గచ్చు మీద పోశాడు. అమ్మ చీర కొంచెం పైకెత్తి, ఆ తడి మీద అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేసింది. నేను పూలున్నవి కొనమన్నాను. అమ్మ తెల్లటి అడుగు, ఆకుపచ్చ పట్టీలున్నవి కొంది. ఇంటికొచ్చి నాకోసం వాటిని నీళ్ళ బాల్చీలో వేసి చూపించింది. మునగలేదు. రెండూ పక్కపక్కనే పడవల్లా తేలాయి. "చూశావా, ఇవేసుకుంటే నేను కూడా తేలిపోతానే," అంది. నేను చాలాసేపు వాటిని వేలితో తోసి ఆడుకున్నాను.

అమ్మ ఇంట్లో చెప్పులేసుకుని నడవడం అలవాటు చేసుకోవాలనుకుంది. నాన్నమ్మ ఒప్పుకోలేదు. అందుకని అరుగు మీదే, ఈ చివర నుంచి ఆ చివరకు, చీపురు పట్టుకుని నడిచేది. చెప్పులు చప్ చప్‌మని చప్పుడు చేసేవి. ముందు వేళ్ళు బిగబట్టి నడిచేది, రెండు రోజులకు మామూలుగా నడిచింది. కాలవలో పడవ మీద వెళ్ళేవాళ్ళు కూడా తలతిప్పి చూసేవారు. "కువైట్ ఇక్కడే దిగిందండోయ్," అని ఎవరో అరిచారు. నాన్న కాయ ఒలవడం ఆపి ఒక్కసారి అమ్మ కాళ్ళ వైపు చూసి మళ్ళీ గునపం వైపు తిరిగేవారు.

ప్రయాణానికి కొద్ది రోజుల ముందు నాన్నమ్మ అమ్మను అంతర్వేది తీసుకెళ్ళాలంది. స్వామికి చూపించకుండా సముద్రం దాటించనని పట్టుబట్టింది. నేనూ వెళ్ళాను. ఆ పొద్దున్నే అమ్మ పాత చెప్పు పట్టీ పిన్నీసుకు కూడా లొంగకుండా తెగిపోయింది. అందుకని తేలిక చెప్పులే వేసుకుంది. "ఓ ప్రయాణం తిరిగితే వీటి గుణం తెలుస్తుంది కదండి అత్తయ్యగారూ," అంది. నాన్నమ్మ వాటి వైపు ఓసారి చూసి బస్సెక్కింది. బస్సు దిగాక, గుడికి ఎదురుగా ఒక సోడా బండి పక్కన అమ్మ చెప్పులు విడిచింది. లోపల జనం. దర్శనం అయి ప్రాకారంలో కూర్చున్నాక, ఆకు వక్కల సంచి బండి దగ్గర మర్చిపోయానంటూ నాన్నమ్మ ముందు లేచి వెళ్ళింది. మేము బయటకు వచ్చేసరికి ఆవిడ ఆకు నములుతూ నిలబడి ఉంది. చెప్పులు లేవు.

అమ్మ బండి చుట్టూ చూసింది. పక్క బండ్ల కింద చూసింది. సోడా అబ్బాయిని అడిగింది. "పోతే పోయేయిలే," అంది నాన్నమ్మ. "గుళ్ళో చెప్పులు పోతే శని పోయినట్టే. ఇంత పెద్ద ప్రయాణం పెట్టుకుని, నీ మీదున్నదంతా ఇక్కడే దిగిపోయింది. దేవుడే తీసుకున్నాడు." మా వైపు అందరూ అనే మాటే అది. చెప్పులు పోయినవాళ్ళను ఓదార్చడానికి అంటారు. నాన్నమ్మ ఓదార్చినట్టు అనలేదు, పని పూర్తయినట్టు అంది. ఇంత దూరం వచ్చాం కదా అని గోదావరి సముద్రంలో కలిసేచోటికి వెళ్ళాం. మధ్యాహ్నపు ఇసుక. అమ్మ తడి ఇసుక ఎక్కడ దొరుకుతుందా అని గంతులేస్తూ నడిచింది. నేను నవ్వాను, అమ్మ కూడా నవ్వింది. కాళ్ళు కాలుతున్నాయని అప్పుడు అమ్మకు తెలిసేది.

మళ్ళీ రాజోలు వెళ్ళి కొనుక్కునే వీలు లేకపోయింది. వెళ్ళినా నాన్నమ్మ కొననిచ్చేది కాదు. వదిలించుకున్నదాన్ని మళ్ళీ తెచ్చుకుంటావా అనేది. విమానం రోజు అమ్మ మంగ అత్త ఇచ్చిన మడమ ఎత్తు చెప్పులు వేసుకుని వెళ్ళింది. ఆ సాయంత్రం దాకా ఇల్లు ఊడవలేదు. మనిషి ప్రయాణమై వెళ్ళాక వెంటనే ఊడవకూడదని నాన్నమ్మ చీపురును తలుపు వెనక పెట్టి కూర్చుంది. తర్వాత కొన్నేళ్ళు అమ్మ అంటే మంగ అత్త ఇంట్లో మోగే ఫోను. "రెండో జత కొనుక్కున్నావామ్మా?" అని నేను ప్రతిసారీ అడిగేదాన్ని. అమ్మతో మాట్లాడటానికి నాకు తెలిసిన ఒకే ఒక్క పెద్ద సంగతి అది. "ఆ, కొనుక్కున్నానే," అనేది అమ్మ. కొనుక్కోలేదు. ఆ ఇంట్లో గడప దాటి కొట్టుకు పంపేవారు కాదట. మందు కలిపిన నీళ్ళతో నేల కడిగి, ఆ తడిలోనే, ఒట్టి కాళ్ళతో. తిరిగొచ్చాక మడమల్లో బీటలు చూసి నేను అడిగితే, "అక్కడి నీళ్ళు అలాంటివి," అంది.

అమ్మ కాళ్ళకు ఏమైనా అయితే అది ఆ చెప్పులు పోవడం వల్లే అని నేను అనను. షుగరు నాన్నమ్మ తెచ్చింది కాదు. ఆవిడ పోయి చాలా కాలమైంది. పోయేదాకా తన కోడలు క్షేమంగా తిరిగొచ్చిందంటే ఆ రోజు అంతర్వేదిలో శని దిగిపోవడమే కారణమని నమ్మింది. క్షేమంగా రాలేదని ఎవరం అనగలం. అమ్మ వచ్చింది కదా.

ఈసారి చెప్పులు ఎంచడానికి నాకు నెల పట్టింది. డాక్టరుగారు రాసిచ్చిన జత ఒకటుంది, అడుగు మందంగా, బరువుగా, తోలు పట్టీలతో. బస్సులో అవి వేసుకుంటుంది. కొండ చుట్టూ నడిచేటప్పుడు మాత్రం తోలు కాలికి తగలకూడదంది అమ్మ. అసలు ఏదీ వేసుకోనంది. నేను ఏడ్చాను. తర్వాత మా వీధి పంతులుగారిని ఇంటికి పిలిచి అడిగాం. "ఒంట్లో బాగోనివాళ్ళకి దోషం లేదమ్మా. స్వామికి తెలీదేంటి?" అన్నారాయన. అమ్మ ఆయన ముందు తలూపింది. ఆయన వెళ్ళాక, "స్వామికి తెలుసు. నాకు తెలియాలి కదా," అంది. చివరికి గుడ్డతో చేసినవైతే వేసుకుంటానని ఒప్పుకుంది. ఫోనులో చూస్తూ కూర్చునేదాన్ని. తేలికగా ఉండాలి, జారకూడదు, గాలాడాలి, తడిస్తే ఆరాలి, లోపల కుట్టు తగలకూడదు. మంగ అత్త చెప్పినవే అన్నీ. వచ్చినవాటిని వంటింటి తక్కెట్లో పెట్టి చూశాను. అమ్మ నవ్వి, ఒక జతను రెండు అరచేతుల్లోకి తీసుకుంది, అచ్చం రాజోలు కొట్లో తీసుకున్నట్టే. బూడిద రంగు, పైన వలలాంటి గుడ్డ, అడుగు మెత్తగా, మడమ వెనక సాగే పట్టీ. "ఇవి తేల్తాయి," అంది.

అప్పుడే నేను ఆకుపచ్చ పట్టీల చెప్పుల సంగతి ఎత్తాను. "ఆ రోజు పోకపోయుంటే ఎంత బాగుండేదమ్మా," అన్నాను.

"పోవడం ఏంటే. మీ నాన్నమ్మే బండి చక్రం వెనక్కి తోసేసింది. పైన గోనె కప్పింది."

"నీకెలా తెలుసు?"

"గోనె కిందనుంచి పచ్చ పట్టీ కనపడతానే ఉంది. నేను చూసేను."

"చూసి తెచ్చుకోలేదా?"

అమ్మ చెప్పులు పెట్టెలో పెట్టింది. "నిన్ను వదిలేసి వెళ్తన్నాను. శని పోతాదంటే నేను అడ్డుపడతానేంటి. ఏమో, నిజంగానే పోతాదేమో," అంది. తర్వాత, "మీ నాన్నమ్మకి తెలీదులే నేను చూసినట్టు. తెలిస్తే పని చెయ్యదు కదా," అంది.

నేను చెప్పులు మళ్ళీ బయటికి తీశాను. మడమ వెనక పట్టీ బిగుతుగా ఉందో లేదో చూశాను. "దీన్ని మడత పెట్టి తొక్కకమ్మా, పైకి లాక్కో. లేకపోతే ఊడిపోతుంది," అని మళ్ళీ మళ్ళీ చెప్పాను. అమ్మ జీవితమంతా జారుడు చెప్పులే వేసుకుంది. మడమ వెనక ఏదైనా ఉంటే దాన్ని తొక్కుకుని నడుస్తుంది. మా వీధిలో సత్యవతి పిన్ని కూడా వెళ్తోంది. ఆవిడ చేతులు పట్టుకుని, అమ్మ కాళ్ళు చూస్తూ ఉండమని చెప్పాను. "నువ్వేం బెంగెట్టుకోకమ్మా, నా కళ్ళు అక్కడే ఉంటాయి," అంది పిన్ని. బస్సు కదిలేటప్పుడు ఆవిడ కళ్ళు కిటికీ సీటు కోసం వెతుకుతున్నాయి. ఇంటికి వచ్చి హాసినికి అన్నం పెట్టాను. సాయంత్రం దాకా ఇల్లు ఊడవలేదు.

ఇవాళ పొద్దు వాలుతుండగా వీడియో కాల్ వచ్చింది. సగం నడిచేశామని, రోడ్డు పక్క టీ బండి దగ్గర కూర్చున్నామని అమ్మ చెప్పింది. ముఖం చెమటతో మెరుస్తోంది. సంతోషంగా ఉంది, చాలా కాలం తర్వాత అంత సంతోషంగా చూశాను. "కాళ్ళు చూపించమ్మా," అన్నాను.

"కాళ్ళేంటే, కొండ చూడు. ఎంత బాగుందో."

"ముందు కాళ్ళు."

ఫోను కిందికి వంగింది. ఎవరివో చీరల అంచులు, కాగితం కప్పులు, తారు రోడ్డు. తర్వాత అమ్మ పాదాలు. కుడి కాలికి బూడిద రంగు చెప్పు ఉంది, పట్టీ మడమ కింద నలిగి. ఎడమ కాలికి లేదు.

"చూసేవా, రెండూ ఉన్నాయి," అంది అమ్మ. "నీ గోల నీదీ."

కళ్ళు మూసుకుని డాక్టరుగారికి జవాబు చెప్పిన ముఖం గుర్తొచ్చింది. "అమ్మా," అన్నాను, "ఒకసారి కిందికి చూడు."

చూసినట్టుంది. "అయ్యో," అంది మెల్లగా. "ఎక్కడ ఊడిందో ఏంటో అక్కా, ఈ జనంలో ఏం వెతుకుతాం," అంటోంది సత్యవతి పిన్ని. ఎంతసేపటి నుంచి అలా నడుస్తోందో ఇద్దరికీ తెలియదు. మందం చెప్పులు బస్సులో ఉన్నాయి. బస్సు ఎక్కడో దూరంగా ఆపారట. ఆటో ఎక్కేయమన్నాను. అరికాలు పైకెత్తి చూపించమన్నాను. చూపించింది. నల్లగా ఉంది. అది దుమ్మో, కాలిందో, రక్తమో ఆ వెలుతురులో నాకు తెలియలేదు. "నొప్పిగా ఉందా?" అని అడిగాను, ఆ ప్రశ్నకు అర్థం లేదని తెలిసి కూడా. చిన్నప్పుడు కువైట్ ఫోనులో అమ్మ కాళ్ళు నాకు కనపడేవి కావు. ఇప్పుడు కనపడుతున్నాయి, అరచేతిలో, వేలికి అందేంత దగ్గరగా. తేడా అంతవరకే.

అమ్మ వంగి రెండో చెప్పు కూడా తీసేసింది. "ఒక కాలికుండి ఒక కాలికి లేపోతే నడకెలా సాగుతాదే," అంది. ఫోనులో రెండు ఒట్టి పాదాలు పక్కపక్కన. "పోనీలే. దేవుడే తీసుకున్నాడేమో."

వద్దు, ఆటో ఎక్కు అనాలి. అంతలో హాసిని నా చెయ్యి పట్టి లాగి, ఫోనులోకి ముఖం పెట్టి "అమ్మమ్మా" అంది, అంటూనే దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా నేను దాని వీపు నిమురుతూ ఉన్నాను, ఫోనులో ఆ రెండు పాదాలూ కదల్లేదు.

"చూసుకుంటూ నడువమ్మా," అన్నాను.

"చూసుకునే నడవాలే ఇంక. తెలిసేదెలాగూ లేదుగా," అంది.

నడక అయిపోగానే కాళ్ళు కడుక్కుని, దీపం వెలుతురులో రెండు అరికాళ్ళూ సరిగ్గా చూసుకుని, ఎక్కడైనా గాయం ఉంటే దాచకుండా నాకు చెప్పమన్నాను. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది, జనం గోలలో వినపడలేదని. తర్వాత నవ్వింది.

"ఆయ్, అలాగేనండి," అంది, డాక్టరుగారితో అన్నట్టే.